శివారు నీళ్ళ సాక్ష్యం

పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద ఉన్న పాత అక్విడెక్టుని రోడ్డు మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎండాకాలం ఏట్లోకి దిగి, ఇసక మీద నిలబడి తలెత్తి చూడాలి. ఒకదాని పక్కన ఒకటిగా 49 కమానులు, ఒక్కోటి 40 అడుగుల వెడల్పున, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సాగిపోతాయి. కింద నది, దాని నెత్తిన కాలువ. ధవళేశ్వరంలో బయలుదేరి లొల్ల లాకుల మీదుగా వచ్చిన తీపి నీరు వైనతేయలో పడిపోకుండా, దాన్ని దాటి అవతలి గట్టుకి చేరాలని 1850ల మొదట్లో ఈ కట్టడం కట్టారు. కట్టించినవాడు మద్రాసు ఇంజినీర్ల దళంలో లెఫ్టినెంట్ ఎఫ్.టి. హేగ్. వరద తీశాక మొదలుపెట్టి, మళ్ళీ ఎర్ర నీరు రాకముందే ఏట్లో పని ముగించాలి. ఆ కాస్త వ్యవధిలోనే ముగించాడు. ఇప్పుడు దాని పక్కనే, లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్త అక్విడెక్టు ఉంది.

అవతలి గట్టుని ఆనాటి ఇంజినీర్లు నగరం దీవి అన్నారు. ఇటు వైనతేయ, అటు వశిష్ఠ, కింద సముద్రం. ఇప్పటి రాజోలు, మామిడికుదురు, మలికిపురం, సఖినేటిపల్లి మండలాలన్నీ ఆ దీవిలోవే. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బావి తవ్వితే ఉప్పు తగిలే నేల. అక్కడ కాలువ నీరంటే పొలానికి పట్టే నీరొక్కటే కాదు, చెరువులో పట్టుకుని ఏడాదంతా తాగే నీరు కూడా.

హేగ్ కథ గన్నవరంలో ఆగలేదు. తరవాత ఎగువ గోదావరిలో పడవల దారి వేసే పని మీద దుమ్ముగూడెం వెళ్ళాడు. 1860లో అక్కడి కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ పని మొదలుకావడానికి కారకుడు అతనే. అతని ఆఫీసులో పనిచేసిన వెంకటరామరాజు క్రైస్తవుడై ఆ మిషన్‌కి తొలి దిక్కయ్యాడు. నీళ్ళు తేవడమూ, దేవుణ్ణి నమ్మడమూ ఆ తరం ఇంజినీర్లలో కొందరికి వేరువేరు పనులు కావు.

ఈ ముడిని కోనసీమలో మనం పెద్దగా పట్టించుకోలేదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి మే 15న దండ వేస్తాం. మిషన్ దొరల గురించి సంఘాల్లో చెప్పుకుంటాం. రెండు కథలనీ పక్కపక్కన పెట్టి చదివితే మూడోది బయటపడుతుంది. మనిషి తాగే నీరు, పీల్చే గాలి, నిలబడే నేల చెడిపోకుండా చూడడం దేవుడు అప్పగించిన పని అని నమ్మి, దానికోసం ప్రభుత్వాలతో పోట్లాడినవాళ్ళ కథ అది. ఆ పోట్లాటలో సగమే గెలిచారు. నీళ్ళు వచ్చాయి. వచ్చిన నీళ్ళు శుభ్రంగా బయటికి పోయే దారి మాత్రం ఇవాళ్టికీ సరిగ్గా లేదు. ఆ లోటు ఎక్కువగా మోస్తున్నది శివారు పేటల్లో ఉండే జనం. వాళ్ళలో చాలామంది క్రైస్తవులు.

నరసాపురం రేవు నుంచి

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే బ్రదరన్ మిషనరీ వెంట ఇంగ్లండ్‌లోని బార్న్‌స్టేపుల్ ఊరివాళ్ళు రెండు జంటలు మద్రాసులో దిగారు. విలియం బౌడెన్ రాతిపనివాడు. జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కారు, వెనక సొసైటీ జీతమూ లేదు. మచిలీపట్నం మీదుగా నరసాపురం చేరి అక్కడ స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అని తరవాత పేరుపడింది వాళ్ళ పనికే. నరసాపురం రేవులో నిలబడితే వశిష్ఠకి అవతల కనిపించేది సఖినేటిపల్లి, అంటే కోనసీమ గుమ్మం. ఇవాళ పంటు మీద దాటే ఆ ఏటినే సువార్త పడవల మీద దాటింది.

వాళ్ళు వచ్చిన కాలం గోదావరి జిల్లాకి చాలా చెడ్డది. 1832-33 కరువు, 1839లో కోరంగిని ముంచిన తుపాను ఉప్పెన, ఊళ్ళు వదిలి వలసపోయిన జనం. 1844లో ఆర్థర్ కాటన్ గోదావరిని పరిశీలించి నివేదిక రాసింది ఈ నేపథ్యంలోనే. నది నిండుగా సముద్రంలో కలుస్తుంటే దాని ఒడ్డున జనం తిండి లేక చావడం ఆయనకి లెక్క తప్పిన పనిగానే కాదు, పాపంగా కూడా కనిపించింది. కుంపిణీ ప్రభుత్వానికి మాత్రం ఆ భాష అక్కర్లేదు. అందుకని పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయలు శిస్తు వస్తుందో లెక్కలు కట్టి చూపించాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. శిస్తు కోసమే కుంపిణీ ఒప్పుకుందన్నది నిజం, దాన్ని దాచనక్కర్లేదు. కాటన్‌ని నడిపించింది అదొక్కటే కాదన్నదీ నిజమే. ఆయన కూతురు లేడీ హోప్ 1900లో అచ్చువేసిన తండ్రి జీవితచరిత్ర చదివితే ఆ భక్తి ఎంత లోతుదో తెలుస్తుంది.

ఆనకట్ట పనికి వేల మంది కూలీలు ధవళేశ్వరంలో చేరారు. బౌడెన్ కూడా కొంతకాలం అక్కడికి వెళ్ళి వాళ్ళ మధ్య పనిచేశాడు. కాటన్ మిషనరీలకి అండగా నిలిచాడు. రాళ్ళు మోసిన ఆ చేతుల్లో మాల మాదిగ పల్లెల చేతులు ఎన్నో ఉన్నాయి. డెల్టాలో సంఘాలు పెరిగింది కూడా ఎక్కువగా ఆ పల్లెల్లోనే.

బ్రదరన్‌లు, వాళ్ళ తరవాత వచ్చిన కెనడా బాప్టిస్టులు ముంచి ఇచ్చే బాప్తిస్మం తప్ప ఇంకొకటి ఒప్పుకోరు. అందుకు పారే నీరో, నిండిన చెరువో కావాలి. చాలా ఊళ్ళలో ఊరి చెరువు మెట్ల మీద కాలు పెట్టే హక్కు లేని మనుషులకి కాలువ రేవు దొరికింది. అది సర్కారు కాలువ. నడుము లోతు నీళ్ళలో పాస్టర్ గారు నిలబడి, తెల్లబట్టలు కట్టుకున్న మనిషిని వెనక్కి వాల్చి ముంచి లేపే దృశ్యం కోనసీమ పిల్లలకి కొత్త కాదు. ముందు తరాల క్రైస్తవులకి కాలువతో ఉన్న చుట్టరికం అంత దగ్గరిది.

గోదావరి దాటి దక్షిణానికి వెళ్తే ఇంకో ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించడానికి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకున్నాడు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు ప్రపంచ మిషన్ చరిత్రల్లోకెక్కింది. ఆ కాలువ మట్టి తట్టల గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

గోదావరిని చూడని మనిషి రాసిన గోదావరి

కాటన్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాక కూడా ఊరుకోలేదు. రైళ్ళకి పోసే డబ్బులో కొంత కాలువలకి పోస్తే కరువులు ఆగుతాయని 1877లో మద్రాసు కరువు మీద చిన్న పుస్తకం రాశాడు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి ఎదురుప్రశ్నలకి జవాబులు చెప్పాడు. అధికారుల్లో చాలామంది ఆయన్ని మొండివాడన్నారు. అప్పుడు ఆయన పక్షాన గట్టిగా నిలబడ్డవాళ్ళలో ఒకరు ఫ్లోరెన్స్ నైటింగేల్.

ఆమెని మనం దీపం పట్టుకున్న నర్సుగానే పాఠాల్లో చదువుకున్నాం. ఆమె జీవితంలో క్రిమియా యుద్ధం రెండేళ్ళ లోపే. ఇండియా ఆరోగ్యం గురించి చేసిన పని దాదాపు నలభై ఏళ్ళు. ఇండియాకి ఒక్కసారి కూడా రాకుండా, మంచం మీద నుంచే చేసింది. 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక కోసం ఇండియాలోని సైనిక కంటోన్మెంట్లన్నిటి నుంచీ ప్రశ్నావళికి జవాబులు తెప్పించి, తాగే నీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతోంది, గదికి ఎంతమంది అని ఒక్కొక్కటీ చదివి రాసింది. అప్పటికి ఇండియాలో తెల్ల సిపాయిల్లో ఏడాదికి వెయ్యికి 69 మంది చనిపోతున్నారు. మంచినీరు, మురుగు పారుదల, గాలి ఆడే బారకాసులు ఇవన్నీ మొదలుపెట్టాక అది వెయ్యికి 18కి దిగిందని ఆమె 1870ల మొదట్లో లెక్క చూపింది. సిపాయి బారకాసులో పనిచేసిన సూత్రం రైతు పల్లెలో ఎందుకు పనిచేయదన్నది ఆమె తరవాతి ప్రశ్న.

1874లో 'ఇండియాలో చావు బతుకులు' అనే అర్థమొచ్చే పేరుతో ఆమె అచ్చువేసిన పుస్తకంలో సేద్యపు నీటి గురించే ఒక అనుబంధం ఉంది. కరువుకి విరుగుడు నీరని ఆమెకి సందేహం లేదు, కాటన్ వాదన ఆమె వాదనే. దానికి ఆమె ఇంకొకటి జోడించింది. నీళ్ళు తెచ్చినచోట మురుగు బయటికి పోయే దారి కూడా తవ్వాలి. లేకపోతే కాలువ కింద పంటతోపాటు జ్వరాలూ పండుతాయి. నీరు, డ్రైనేజీ రెండూ ఒకే పని అని ఆమె పట్టు.

ఈ పట్టు వెనక ఆమె విశ్వాసం ఉంది. పదహారేళ్ళ వయసులో, 1837 ఫిబ్రవరిలో, దేవుడు తనని సేవకి పిలిచాడని ఆమె రాసిపెట్టుకుంది. ఆరోగ్య సూత్రాలు ఆమె దృష్టిలో దైవ నియమాలు. గణాంకాలు వాటిని చదివే పద్ధతి. ఊరి మురుగంతా తాగే నదిలోకి వదులుతూ, గుడిలో మోకరించి అంటువ్యాధి రాకుండా చూడు ప్రభువా అని వేడుకోవడం ఏం ప్రార్థన అని ఆమె నిలదీసింది. ప్రార్థనని ఆమె కాదనలేదు. మురుగు కాలువ తవ్వించడం ఆ ప్రార్థనలో భాగమని చెప్పింది.

ఆమెకి దోమ సంగతి తెలియదు. చెడ్డ గాలి వల్లే జ్వరాలనుకుంది, క్రిమి సిద్ధాంతాన్ని చాలాకాలం నమ్మలేదు. బోదకాలు పురుగు దోమలో పెరుగుతుందని ప్యాట్రిక్ మాన్సన్ 1877లో చైనాలో కనిపెట్టాడు. మలేరియా సంగతి రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులో తేల్చాడు. కారణం విషయంలో ఆమె పొరబడినా చికిత్స సరిగ్గా చెప్పింది. ఎందుకంటే బోదకాలు మోసే క్యూలెక్స్ దోమ గుడ్లు పెట్టేది నిలిచిపోయిన మురుగు నీళ్ళలోనే. గోదావరి జిల్లాల్లో తరతరాలుగా బోదకాలు ఉంది. కొబ్బరితోట నీడలో, లాగుతున్న వాచిన కాలుతో అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళని చూడకుండా కోనసీమలో పెరిగినవాళ్ళు ఉండరు. ఏళ్ళ తరబడి ఇంటింటికీ మాత్రలు పంచారు, మంచిదే. ఆ అరుగు ముందు నల్లగా నిలిచిన మురుగు గుంట మాత్రం ఆ మాత్రతో పోదు.

కౌశిక ఇప్పుడు డ్రెయిన్

కాటన్ కాలువలు తవ్విన వేగంతో మురుగు కాలువలు తవ్వలేదు. ఆ బాకీ ఒక శతాబ్దం పైగా పేరుకుంది. 1960ల వరదల తరవాత ప్రభుత్వం మిత్రా కమిటీ వేసి కృష్ణా గోదావరి డెల్టాల మురుగు సమస్య మీద సిఫార్సులు తెప్పించుకుంది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది, రైతులు పన్ను కట్టారు. 2011లో కోనసీమ రైతులు సార్వా నాటకుండా క్రాప్ హాలిడే ప్రకటిస్తే దేశమంతా ఆశ్చర్యపోయింది. గిట్టుబాటు ధర, కూలీల కొరతలతో పాటు వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి పూడిపోయిన డ్రెయిన్ల వల్ల ఏటా చేలు మునగడం.

పెద్దలు సప్తగోదావరుల్లో ఒకటిగా చెప్పే కౌశిక ఇవాళ డ్రైనేజీ శాఖ లెక్కల్లో ఒక మేజర్ డ్రెయిన్. అమలాపురం చుట్టుపక్కల ఎవరిని అడిగినా కౌశిక అంటే మురుగు కాలువ అనే చెబుతారు. గుర్రపుడెక్క పట్టిన నీళ్ళు, గట్టు మీద నుంచి జారవిడిచిన చెత్త, ఇళ్ళ మరుగుదొడ్ల పైపులు, కోళ్ళ షాపుల సంచులు. మంచినీటి కాలువల పరిస్థితీ కొన్నిచోట్ల ఇంతే. మలికిపురం వైపు శంకరగుప్తం డ్రెయిన్‌లో లెక్క తలకిందులైంది. ఊరి నీరు సముద్రంలోకి పోవలసింది పోయి, పోటు సమయంలో సముద్రం నీరు ఊళ్ళోకి ఎక్కుతోంది. గట్టు పక్క కొబ్బరి చెట్లు మొవ్వు వాడి, మట్టలు రాలి, మోడులుగా మిగిలాయి.

దీనికి తోడు రొయ్యల చెరువులు. ఉప్పు నీరు తోడి నింపడం, పంట పట్టాక మందులతో సహా బోదెలోకి వదలడం, పక్క చేను చౌడుబారడం. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. ఆ కేసు వేసినవాడు తమిళనాడు సర్వోదయ కార్యకర్త ఎస్. జగన్నాథన్, గాంధేయవాది. తీర్పు తరవాత చట్టాలు మారాయి, 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ వచ్చింది. చెరువులు తగ్గలేదు.

కాలువ పై మొగాన ఉన్నవాడికి నీరు ముందు వస్తుంది, తేటగా వస్తుంది. శివారువాడికి ఆఖర్న వస్తుంది, పైవాళ్ళు వదిలినవన్నీ కలుపుకుని వస్తుంది. పేటలు ఎక్కువగా ఉన్నది అక్కడే, పల్లపు నేలలో, డ్రెయిన్ గట్ల మీద. యెహెజ్కేలు ప్రవక్త 34వ అధ్యాయంలో సరిగ్గా ఈ నేరం మీద మండిపడతాడు. బలిసిన గొర్రెలు తేట నీళ్ళు తాము తాగి, మిగిలినవి కాళ్ళతో బురద చేసి, ఆ బురద నీళ్ళు బక్క గొర్రెలకి వదులుతాయి. ఆ అధ్యాయం మీద కాపరుల గురించి ప్రసంగాలు చాలా విన్నాం. నీళ్ళ గురించి వినలేదు. అదే ప్రవక్త 47వ అధ్యాయం మన కన్వెన్షన్లలో ఇంకా ప్రసిద్ధం. చీలమండ లోతు, మోకాళ్ళ లోతు, నడుము లోతు అంటూ ఆత్మీయ ఎదుగుదల గురించి గంటసేపు చెబుతారు. ఆ నది ప్రవేశించినచోటల్లా ఉప్పు నీరు మంచినీరవుతుందనీ, ఒడ్డున చెట్లు ఆకు వాడకుండా కాస్తాయనీ అక్కడే రాసి ఉంది. ఉప్పు కయ్యల పక్కన బతికే జనానికి అంతకన్నా దగ్గరి వాక్యం ఏముంటుంది?

గాలి అంటుకున్న రోజులు

1995 జనవరి 8న పాశర్లపూడి క్షేత్రంలో ఓఎన్‌జీసీ తవ్వుతున్న 19వ నంబరు బావి పేలింది. బోడసకుర్రు దగ్గర దేవర్లంకలో లేచిన మంట మార్చి 15 దాకా ఆరలేదు. రెండు నెలలకి పైనే. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. విదేశీ నిపుణులు వచ్చి ఆర్పారు. రాత్రిళ్ళు కూడా వెలుతురే, చెవులు దిబ్బళ్ళు పడే హోరు. ఆ రోజులు చూసినవాళ్ళకి చమురు, గ్యాస్ అనే మాటలు అంతకుముందులా వినిపించడం మానేశాయి.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో జరిగింది అంతకన్నా ఘోరం. తాటిపాక నుంచి విజయవాడ వైపు గ్యాస్ తీసుకెళ్ళే గెయిల్ పైపు ఊరి మధ్య తుప్పుపట్టి చిట్లింది. గ్యాస్ పొగమంచులా నేల మీద పరుచుకుంది. ఎక్కడో పొయ్యి వెలిగించేసరికి ఊరు ఊరంతా అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్ళు, నిద్ర లేచి పరుగెత్తినవాళ్ళు, పిల్లలు. కొబ్బరి చెట్లు మొదలంటా మాడిపోయాయి. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీటి తేమతో కూడిన గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. వాసన వస్తోందని, కారుతోందని జనం అంతకుముందే చెప్పుకున్నారు. విన్నవాళ్ళు లేరు.

ఇది హేగ్ కమానులు కట్టి నీళ్ళు తెచ్చిన నగరం దీవిలోని నగరమే.

ఆ మంటల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అని తేడా లేదు. సంఘాలు కన్నీళ్ళతో ప్రార్థించాయి, చేతనైనంత సాయం చేశాయి. కోనసీమ సంఘాలకి ఉపద్రవంలో సాయం చేయడం బాగా తెలుసు. 1977 దివిసీమ ఉప్పెన తరవాత చర్చిల సహాయ సంస్థ కాసా ఆంధ్ర తీరంలో తుపాను షెల్టర్లు కట్టింది. గౌతమి అవతల రామచంద్రపురంలో కెనడా మిషనరీ ఇసబెల్ హ్యాచ్ కుష్ఠురోగుల ఆశ్రమం నడిపింది. గాయానికి కట్టు కట్టడంలో వెనకబడ్డవాళ్ళు కారు. గాయం కాకముందు నోరు తెరవడం దగ్గర మాత్రం ఒక మౌనం ఉంది. పైపు ఎప్పుడు తనిఖీ చేశారు, డ్రెయిన్ పూడిక ఎప్పుడు తీశారు అని సంఘం తరఫున అడగడం ఆత్మీయం కాదన్న భావం ఎక్కడో కుదురుకుంది.

నా ఉద్దేశంలో ఆ మౌనానికి పెద్ద కారణం ఒక బోధ. ఈ లోకం ఎలాగూ అగ్నిలో లయమైపోయేదే, మన పని ఆత్మల్ని రక్షించడమే, కాలువల్ని కాదు అని చాలా వేదికల మీద చెబుతారు. నగరంలో అగ్నిని కళ్ళారా చూశాక ఆ మాట అంత తేలిగ్గా అనడం ఎవరికైనా కష్టం. ఆ అగ్ని దేవుడు పంపింది కాదు, తుప్పు పట్టిన ఇనుము పంపింది. ఆదికాండం రెండో అధ్యాయంలో మనిషిని తోటలో పెట్టినప్పుడు ఇచ్చిన పనులు రెండు, సాగు చేయడం, కాపాడడం. ఆ రెండో పనిని ఎవరూ రద్దు చేయలేదు.

ప్రపంచంలో సంఘాలు ఈ మాట చెప్పడం మొదలుపెట్టి చాలాకాలమైంది. 1983లో వాంకూవర్‌లో ప్రపంచ చర్చిల మండలి న్యాయం, శాంతితో పాటు సృష్టి క్షేమాన్ని కూడా చర్చిల బాధ్యతగా చేర్చింది. 1989లో కాన్‌స్టాంటినోపుల్ పాత్రియార్కు దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించాడు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' లేఖలో సురక్షితమైన తాగునీరు మనిషి ప్రాథమిక హక్కని రాశాడు. ఇవి మనవి కావు, మనం సువార్త సంఘాలవాళ్ళం అనేవాళ్ళకి, సువార్త సంఘాల పెద్దలే 2010లో కేప్‌టౌన్‌లోనూ, 2012లో జమైకాలోనూ సృష్టి సంరక్షణ సువార్తలో భాగమని పత్రాలు రాసుకున్నారు.

పత్రాల కన్నా నాకు దగ్గరగా తోచేది ఒక మనిషి. థామస్ కోచేరి కేరళ కతోలిక ఫాదరు, లాయరు కూడా. జాలరి పేటలో ఉంటూ జాతీయ మత్స్యకారుల ఫోరం నడిపాడు. నీళ్ళని కాపాడండి, బతుకుల్ని కాపాడండి అన్న నినాదంతో 1989లో రెండు తీరాల వెంట యాత్రలు నడిచాయి. తూర్పు యాత్ర బెంగాల్ నుంచి మన తీరం వెంట దక్షిణానికి దిగింది. మే 1న రెండూ కన్యాకుమారిలో కలిశాయి. అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఫోరంలో ఆయనతో పనిచేసినవాళ్ళలో అన్ని మతాల జాలర్లూ ఉన్నారు. నీరు పాడైతే వల ఎవరిదైనా ఖాళీగానే వస్తుంది కాబట్టి అలా కలిసి నడవడం సాధ్యమైంది. కోచేరి 2014 మే నెలలో కన్నుమూశాడు, ఆ తరవాత రెండు నెలలు తిరక్కముందే నగరం ఘటన జరిగింది.

మన కోనసీమలో లూథరన్, బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు, కతోలిక సంఘాలన్నీ ఉన్నాయి. పేట పేటకీ మందిరం ఉంది, మందిరానికి మైకు ఉంది, వారం వారం కూడే జనం ఉన్నారు. స్త్రీల కూడికలున్నాయి, కుర్రాళ్ళ జట్లున్నాయి. డ్రైనేజీ శాఖకి గానీ, గ్యాస్ కంపెనీలకి గానీ ఇంత దగ్గరగా ఊరి శివారుని ఎరిగిన మనుషులు లేరు. ఎక్కడ బోదె పూడింది, ఎవరి ఇంట్లో బోదకాలు కొత్తగా వచ్చింది, ఏ తోటలో పైపు దగ్గర వాసన వస్తోంది అన్నది ముందు తెలిసేది సంఘ పెద్దలకే.

చేయగలిగినవి పెద్ద పనులేమీ కావు. దక్షిణ ఇండియా సంఘం మందిరాల్లో జూన్ 5కి దగ్గరగా వచ్చే ఆదివారాన్ని పర్యావరణ ఆదివారంగా పాటించే ఆనవాయితీ ఉంది. గోదావరి కాలువలకి నీళ్ళు వదిలేది కూడా మామూలుగా జూన్ మొదట్లోనే. అంతకుముందు ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసి ఉంటాయి. అడుగున ఏం పేరుకుందో దాచకుండా కనిపించే వారాలు అవే, మరమ్మతులకి ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టే వారాలూ అవే. ఆ వారాల్లో అన్ని శాఖల సంఘాలూ ఒక్కటై, మసీదు పెద్దల్నీ గుడి ధర్మకర్తల్నీ కలుపుకుని, తమ ఊరి కాలువనీ డ్రెయిన్‌నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూడవచ్చు. చూసింది రాసి గ్రామసభలో చదవవచ్చు. పైపు తనిఖీ ఎప్పుడు జరిగిందో కాగితం మీద అడగవచ్చు. పూడికతీత డబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అడగవచ్చు. ఆ పని ఈసారి లాకుల దగ్గర కాకుండా శివారు పేట దగ్గర మొదలుపెట్టమని పట్టుబట్టవచ్చు.